చెప్పకుండా మిగిలిన సగం

ట్యూనిస్,
జనవరి నెలాఖరు

ప్రియమైన సాసియా అక్కకు,

నువ్వు పంపిన ఎండు ఆక్టోపస్ మూట నిన్న చేరింది. బస్సులో తెచ్చిన పెద్దాయన గుమ్మంలోనే మూట దించి, "అమ్మాయ్, స్ఫాక్స్ నుంచి ఇక్కడిదాకా నా పక్క సీట్లో ఒక్కడూ కూర్చోలేదు. మీ అక్కకు నా దండాలు చెప్పు" అన్నాడు. కొంచెం నానబెట్టి బార్లీ కూస్‌కూస్‌లో వేశాను. వాసనకి ఇంటావిడ రెండుసార్లు మెట్లెక్కి వచ్చి ఏం వండుతున్నావని అడిగింది. వంట బాగానే కుదిరింది. నాకే గొంతు దిగలేదు.

ఎందుకో చెబుతాను, నవ్వకు.

మా చేపల పరిశోధన ఆఫీసు పెద్దాయన మున్సిఫ్ గారికి గుండె ఆపరేషన్. వేసవి దాటేదాకా ఆఫీసుకు రారు. మార్చిలో మంత్రిత్వ శాఖలో పెద్ద సమావేశం ఉంది. మన దీవుల చుట్టూ ఆక్టోపస్ ఎందుకు తగ్గిపోతోందో అక్కడ ప్రెజెంటేషన్ ఇవ్వాలి. పొడుగాటి బల్ల, చుట్టూ అధికారులు, పడవల ఓనర్లు, గోడమీద బొమ్మ వేసే ప్రొజెక్టరు. ఆయన చెప్పాల్సిన పని అది. నన్ను ఆస్పత్రికి పిలిపించి, "పోయిన వసంతమంతా మీ బావ పడవలో తిరిగి లెక్కలు తీసింది నువ్వు. చెప్పాల్సింది కూడా నువ్వే" అన్నారు. సరేనని తలూపి బయటికి వచ్చాను. మెట్ల దగ్గరే కూలబడ్డాను. ఒక నర్సు నన్ను రోగి అనుకుని చక్రాల కుర్చీ తోసుకొచ్చింది.

పోయినేడు స్ఫాక్స్ మీటింగులో జ్వరం వచ్చి మాట్లాడలేదని నీకు రాశాను కదా. జ్వరం లేదక్కా. పేరు పిలిచారు, లేచాను. నోట్లో తడి లేదు. నాలుక అంగిట్లో అతుక్కుపోయింది. చేతిలో కాగితం వణుకుతుంటే ఆ చప్పుడు గదంతా వినబడింది. వెనకనుంచి ఎవడో "ఆ ఫ్యాను ఆపండయ్యా" అన్నాడు, అందరూ నవ్వారు. మున్సిఫ్ గారు లేచి, నా చేతిలోంచి కాగితాలు తీసుకుని, మిగతాది తనే చదివేశారు.

ఈసారి తీసుకునేవాళ్ళు ఎవరూ ఉండరు. ఫోన్ చేద్దామంటే మీ పోస్టాఫీసులో సగం ఊరు చెవులు రిక్కించుకుని కూర్చుంటుంది. అందుకే రాస్తున్నాను. నలుగురి ముందు నోరు తెరవడం నీకు వచ్చినట్టు ఎవరికీ రాదు. ఎలాగో చెప్పు.

నీ,
నఫీసా


అల్ అతాయా, కెర్కెన్నా దీవులు,
ఫిబ్రవరి మొదటి వారం

నా చిట్టి నఫీసాకు,

నవ్వొద్దన్నావు గనక చక్రాల కుర్చీ దగ్గర ఒక్కచోటే నవ్వాను. మీ బావకు చదివి వినిపిస్తే ఆయనా నవ్వి, "పాపం పిల్ల" అన్నాడు. జీలానీ నోట రెండు మాటలు వరసగా వచ్చాయంటే నీ మీద ఎంత ప్రేమో చూసుకో.

నువ్వు మొదటినుంచీ అంతే. బడికి ఇన్‌స్పెక్టరు వస్తే బల్ల కింద దూరి బయటికి రానన్నావు. పంతులమ్మ నాకు కబురు పెడితే నేనొచ్చి చంకనేసుకుని ఇంటికి తెచ్చాను. అది అమ్మ పోయిన ఏడాది. తల్లితో పాటే ఈ పిల్ల మాటలు కూడా పోయాయని ఊళ్ళో అన్నారు. నేను ఒప్పుకోలేదు. ఇంట్లో నువ్వు వాగే వాగుడుకి నా చెవులు వాచిపోయేవి మరి.

నీకొక రహస్యం చెబుతాను. పెళ్ళిళ్ళలో పాట ఎత్తుకునేది నేనే కదా, సాసియాకి బెదురే లేదంటారు అందరూ. పాటకు కూర్చునే ముందు ప్రతిసారీ పెళ్ళివారి పెరట్లోకి పోయి ఒకసారి కక్కుకుని, నోరు కడుక్కుని వస్తాను. మీ బావకు కూడా తెలీదు. వణుకు పోవడం అంటూ ఉండదే పిల్లా. దాన్ని చంకలో పెట్టుకునే పాడాలి.

అయినా నాకు పనికొచ్చినవి చెబుతాను. మొదటి ముక్క మటుకు నిద్రలో లేపినా చెప్పేట్టు కంఠతా పట్టు. మొదటి చరణం దారిలో పడితే మిగతాది దాని వెనకే వస్తుంది. గోరువెచ్చటి నీళ్ళు తాగు, చల్లవి తాగితే గొంతు పట్టేస్తుంది. దవడలు బిగించకు. మడమలు నేలకు ఆనించి నిలబడు, నీకు మునివేళ్ళ మీద నిలబడే అలవాటు ఉంది, ఎటో పారిపోయేదానిలా. ఇంకొకటి, అందరినీ చూడకు. గుంపును చూస్తే ఎవరికైనా గుండె జారుతుంది. దయగల మొహం ఒక్కటి వెతుక్కో. తలూపుతూ వినే ముసలివాళ్ళు ఎక్కడైనా ఒకరుంటారు. వాళ్ళకే చెబుతున్నట్టు చెప్పు.

ఇక్కడ గాలి తగ్గలేదు. ఆక్టోపస్‌ల కోసం సముద్రంలో దించే కుండలకు కొత్త తాళ్ళు పేనుతున్నాను, వేళ్ళు కోసుకుపోయాయి. అక్షరాలు వంకరగా ఉన్నాయంటే అందుకే.

మీ అక్క,
సాసియా


ట్యూనిస్,
ఫిబ్రవరి మధ్యలో

అక్కా,

నీ ఉత్తరం బ్యాగులో పెట్టుకుని తిరుగుతున్నాను. పెరట్లో నువ్వు కక్కుకోవడం తలుచుకుంటే ధైర్యం వస్తోంది. ఇలా రాయడం బాగోలేదు గానీ నిజం.

సాయంత్రాలు ఇంటావిడను కుర్చీలో కూర్చోబెట్టి ఆవిడ ముందు చెబుతున్నాను. మొదటి రోజు నిద్రపోయింది. రెండో రోజు గుడ్ల మీద కూర్చున్న తల్లి ఆక్టోపస్ తిండి మానేసి చచ్చిపోతుందని చెబితే ఏడ్చింది. "నువ్వు బాగా చెబుతావే అమ్మాయ్, నీకెందుకు భయం" అంది. ఒక్కరి ముందు నాకెప్పుడూ భయం లేదు. రెండో మనిషి గదిలోకి వచ్చిందా, ఆ రెండో మనిషి నా గొంతులో కూర్చుంటుంది. మందుల షాపులో గుండెదడ తగ్గే మాత్రలు ఇచ్చారు. వేసుకుంటే చేతుల వణుకు తగ్గింది, దాంతోపాటు మాట మొద్దుబారింది. మానేశాను.

ఇప్పుడు అసలు సంగతి. బావకు జాగ్రత్తగా చదివి వినిపించు.

నేను చెప్పబోయేది రెండు భాగాలు. మొదటిది కుండల సంగతి. వసంతంలో ఆడ ఆక్టోపస్‌లు గుడ్లు పెట్టడానికి చీకటి చోటు వెతుక్కుని బావ కుండల్లోకే వస్తాయి. పైకి తీస్తే తల్లితో పాటు వేల గుడ్లు పోతాయి. పోయినేడు బావ పడవలో నేను కళ్ళారా చూసి రాసుకున్నది ఇదే. వసంతం రెండు నెలలూ లోతు తక్కువ నీళ్ళలో కుండలు వెయ్యకూడదని అడగాలి. రెండోది మరపడవల సంగతి. స్ఫాక్స్ నుంచి వచ్చి, అడుగు ఈడ్చే వలలతో సముద్రపు గడ్డితో సహా గీకేసి పోతున్నాయి కదా, అసలు నష్టంలో ఎక్కువ పాలు వాటిదే. ఆ గడ్డి లేకపోతే ఆక్టోపస్ పిల్లలకు దాక్కునే చోటు లేదు. వాటిని మన తీరం దగ్గరికి ఏడాది పొడుగునా రానివ్వకూడదని అడగాలి. రెండూ కలిస్తేనే ఫలితం. ఒక్క కుండలు ఆపితే ఏమీ కాదు.

బావ తన పడవ ఎక్కించుకుని చూపించినదాన్ని నేను అందరి ముందు పెట్టి, ఆయన కుండలే ఆపమని అడగబోతున్నాను. ఆయన వద్దంటే మున్సిఫ్ గారికి నా వల్ల కాదని చెప్పేస్తాను. నిజం చెప్పాలంటే, వద్దంటే బాగుండునని కూడా ఒక మూల ఉంది. అప్పుడు ఆ గదిలోకి వెళ్ళక్కర్లేదు.

నీ,
నఫీసా


అల్ అతాయా,
ఫిబ్రవరి నెలాఖరు

నా చిట్టి నఫీసాకు,

చదివి వినిపించాను. మీ బావ లేచి రేవుకు పోయాడు. తిరిగొచ్చేసరికి టీ రెండుసార్లు మరిగి నల్లబడింది. అదే తాగుతూ చెప్పాడు, ఆయన మాటలు ఆయనవిగానే రాస్తున్నాను.

"గుడ్లతో ఉన్నదాన్ని తీసినప్పుడల్లా నాకూ చెయ్యి ఆడదు. నేను తియ్యకపోతే ఆ హాజీ బురావీ మరపడవ వచ్చి కుండతో సహా ఈడ్చుకుపోతుందని తీస్తున్నాను. మరపడవలు రాకుండా చేస్తే రెండు నెలలు కుండలు ఒడ్డున పెట్టుకుని కూర్చుంటాను. చెప్పమను. కానీ రెండూ చెప్పమను. ఒకటి చెప్పి ఒకటి వదిలేస్తే మన మెడకే ఉరి."

హాజీ బురావీ అంటే స్ఫాక్స్‌లో అన్నిటికన్నా ఎక్కువ మరపడవలున్న ఓనరు. మేమెవరమూ ఆయన్ని చూడలేదు. పడవల మీద పేరు మాత్రం రోజూ చూస్తాం.

రేవులో మిగతావాళ్ళకు కూడా మీ బావే సర్దిచెప్పాడు. "మా మరదలు చెబుతుంది, మన సంగతి తెలిసిన పిల్ల" అన్నాడట. ఆయన పదిమందిలో నోరు విప్పడం నేను పుట్టి బుద్ధెరిగాక వినలేదు. కాబట్టి వద్దంటాడేమోనన్న ఆశ వదులుకో. వెళ్ళు, మడమలు ఆనించు, చెప్పు.

మీ అక్క,
సాసియా


ట్యూనిస్,
మార్చి పదిహేడు

అక్కా,

సమావేశం అయిపోయింది. బాగానే జరిగింది. నోరు ఎండలేదు, కాగితం వణకలేదు. నువ్వు చెప్పినట్టే చేశాను. చప్పట్లు కొట్టారు. అధ్యక్షుడు చక్కగా, క్లుప్తంగా చెప్పావని మెచ్చుకున్నాడు.

ఇక్కడ వానలు. గోడకు చెమ్మ దిగి నా మంచం పక్క సున్నం ఊడిపోతోంది. ఇంటావిడ ఖర్జూరం పెట్టిన మక్రూద్‌లు చేసి ఇచ్చింది, నూనె ఎక్కువైంది. చాలా అలసటగా ఉంది. తర్వాత రాస్తాను.

నఫీసా


అల్ అతాయా,
మార్చి నెలాఖరు

నా బంగారు నఫీసాకు,

ఇంత మంచి వార్తకు నాలుగు ముక్కలేనా రాయడం. గోడకు చెమ్మ, మక్రూద్‌లో నూనె, ఇవా నేను అడిగింది. ఎవరెవరు వచ్చారు, ఏం కట్టుకున్నావు, మరపడవల మాట ఎత్తినప్పుడు వాళ్ళ మొహాలు ఎలా మాడాయి, అన్నీ రాయి. అయినా ఫర్వాలేదు. అలసిపోయి ఉంటావు.

నీ ఉత్తరం పట్టుకుని రేవంతా తిరిగాను. మన బడి పంతులమ్మకు ఇప్పుడు కళ్ళు కనబడవు, ఆవిడకు కూడా పోయి చెప్పాను. "బల్ల కింద దూరిన పిల్లేనా" అని అడిగింది. అదే అన్నాను. మీ బావ ఇంకా ఉత్తర్వు రాకుండానే కుండలు తీసి ఒడ్డున వరసగా పేర్చేశాడు. మాటిచ్చాం కదా అన్నాడు. ఆయన్ని చూసి మిగతావాళ్ళూ తీశారు.

వేడివేడిగా జొన్నపిండితో సొర్గో జావ కాచి ఇరుగుపొరుగుకు పంచాను, నీ పేరున.

మీ అక్క,
సాసియా


అల్ అతాయా,
ఏప్రిల్

నఫీసాకు,

ఉత్తర్వు వచ్చింది. రేవు గోడకు అంటించారు. నేనే చదివి అందరికీ వినిపించాను, చదవడం వచ్చినదాన్ని అక్కడ నేనొక్కదాన్నే ఉన్నాను.

లోతు తక్కువ నీళ్ళలో కుండలు వెయ్యకూడదట. నువ్వు అడుగుతానన్న రెండు నెలలు కావు, రెండేళ్ళు. వేస్తే పడవ పట్టుకుపోతారట. కారణం కింద రాశారు, దీవుల దగ్గర స్వయంగా పరిశీలించిన నిపుణురాలి నివేదిక ప్రకారం అని. మరపడవల గురించి ఒక్క ముక్క లేదు. కాగితం వెనక్కి తిప్పి కూడా చూశాను.

అందరూ మీ బావ వైపు చూశారు. ఆయన నా వైపు చూశాడు.

నేను వాళ్ళతో అన్నాను, మా చెల్లి రెండూ చెప్పే ఉంటుంది, పైవాళ్ళు ఒకటి మింగేశారు అని. అంతేనా? ఒక్క మాట రాయి. నువ్వు చెప్పావు, వాళ్ళు వినలేదు, అంతే కదా.

సాసియా


ట్యూనిస్,
మే మొదట్లో

అక్కా,

ఈ ఉత్తరం ఎన్నిసార్లు మొదలుపెట్టి చించేశానో.

నేను చెప్పలేదు.

ఆ రోజు ఏం జరిగిందో అంతా రాస్తాను. ముందుగా కక్కుకున్నాను, నోరు కడుక్కున్నాను, గోరువెచ్చటి నీళ్ళు తాగాను. గదిలోకి వెళ్ళగానే దయగల మొహం కోసం వెతికాను. ముందు వరసలో ఒక పెద్దాయన ఉన్నాడు. తెల్ల గడ్డం, ఎర్ర టోపీ, చేతిలో జపమాల. మన తాతలా ఉన్నాడు. నేను లేవగానే కళ్ళతోనే భయపడకమ్మా అన్నట్టు చూశాడు. ఆయనకే చెప్పడం మొదలుపెట్టాను. అక్కా, మాటలు వచ్చాయి. ఒకదాని వెనక ఒకటి, నువ్వన్నట్టే. కుండల సంగతి, గుడ్ల సంగతి, బావ పడవలో చూసిందంతా చెప్పాను. ఆయన ప్రతి మాటకూ తలూపుతున్నాడు. నా బతుకులో మొదటిసారి నా గొంతు నాకు బాగుందనిపించింది.

తర్వాత రెండో భాగం. మరపడవలు గీకిన అడుగు బొమ్మ తీసి ప్రొజెక్టరు మీద పెట్టాను. ఆయన తలూపడం ఆపేశాడు. కళ్ళద్దాలు తీసి, నన్ను చూస్తూనే మెల్లగా తుడుచుకుంటున్నాడు. పక్కనున్న గుమాస్తా ఆయన చెవి దగ్గరికి వంగి, "హాజీ బురావీ గారూ, టీ తెప్పించమంటారా" అన్నాడు.

అంతే. నోట్లో తడి మొత్తం ఆరిపోయింది. ఇంకో మొహం వెతుక్కుందామని చూస్తే అన్ని మొహాలూ ఒక్కసారే కనబడ్డాయి. చేత్తో అదిమి పట్టుకున్న బొమ్మ గోడమీద వణికింది. స్ఫాక్స్‌లో ఆ నవ్వు చెవిలో వినబడింది, ఇక్కడ నిజానికి ఎవరూ నవ్వలేదు. అధ్యక్షుడు వాచీ చూసుకుని, "ఇంకేమైనా ఉందామ్మా?" అని అడిగాడు. మంచిగానే అడిగాడు. ఉంది అంటే సరిపోయేది. ఆ ఒక్క మాట రాలేదు. "లేదండీ, అంతే" అన్నది వచ్చింది. కాగితాలు తిరగేసి కూర్చున్నాను. చప్పట్లు కొట్టారు. కూర్చోగానే ఎంత హాయిగా అనిపించిందో చెబితే నన్ను నువ్వు క్షమించవు. అందుకే నీకు గోడకు చెమ్మ గురించి రాశాను.

మర్నాడు మంత్రిత్వ శాఖకు వెళ్ళి రెండో భాగం రాతలో ఇచ్చాను. సమావేశంలో వినిపించనిది లెక్కలోకి రాదన్నారు. అక్టోబరులో మళ్ళీ సమావేశం ఉంది, అడగమన్నారు.

బావకు ఈ ఉత్తరం చదివి వినిపించు. నాకు ధైర్యం లేదని కాదు, ఆయన ముందు నిలబడి నేనే చెప్పాలి, కానీ రాలేకపోతున్నాను. ఇది కూడా అదే జబ్బేమో.

నఫీసా


అల్ అతాయా,
జూన్

నఫీసాకు,

మే నుంచి నువ్వు వేసిన మూడు ఉత్తరాలూ అందాయి.

మీ బావ హాజీ బురావీ మరపడవలో కళాసీగా చేరాడు. వారానికి ఒకసారి ఇంటికి వస్తాడు. రేవులో ఆయనతో మాట్లాడటం మానేశారు. ఆయనకదేం కష్టం కాదు, ముందునుంచీ మాట్లాడని మనిషే. నాతో కూడా మాట్లాడటం లేదు. వచ్చిన రోజు స్నానం చేసి, ఒడ్డున కుండల దగ్గర కూర్చుని, మళ్ళీ పోతాడు. మొన్న ఒకే ఒక మాట అన్నాడు. "మన కుండలు వేసే చోటే వల దించారు. తాడు నా చేతిలోనే ఉంది."

పెళ్ళిళ్ళకు నన్ను పిలవడం లేదు.

దయగల మొహం వెతుక్కోమన్నది నేనే. అది కూడా ఆలోచిస్తున్నాను.

సాసియా


ట్యూనిస్,
అక్టోబరు

అక్కా,

జూన్ తర్వాత నువ్వు రాయలేదు. నేను రాసినవాటికి జవాబు అడగను. ఇది మాత్రం చదువు, బావకు వినిపించు.

అక్టోబరు సమావేశంలో నాకు చోటు లేదన్నారు. మున్సిఫ్ గారు కర్ర పట్టుకుని నాతో వచ్చారు, ఇద్దరం మంత్రిత్వ శాఖ మెట్లెక్కి దిగితే, చివరికి అన్నీ అయ్యాక ఆఖర్న కొంచెం సమయం ఇచ్చారు. అప్పటికి సగం మంది కోట్లు తొడుక్కుంటున్నారు. హాజీ బురావీ ముందు వరసలోనే ఉన్నాడు.

ఈసారి ఏ మొహమూ వెతుక్కోలేదు. కక్కుకోవడానికి కూడా టైము దొరకలేదు. నిలబడగానే అన్నీ వచ్చాయి, వణుకు, చెమట, చెవుల్లో హోరు, అన్నీ. బొమ్మ పెడితే గోడమీద భూకంపంలా ఊగింది. ఎవరో నవ్వారు. నేను అన్నాను, "నాకు వణుకు వస్తుంది. ఇది తగ్గేదాకా ఆగితే ఎప్పటికీ చెప్పలేను, కాబట్టి ఇలాగే వినండి." గొంతు పీలగా, చిన్నపిల్ల గొంతులా వచ్చింది. మధ్యలో నీళ్ళ గ్లాసు ఒంపేసుకున్నాను. మాట ఆగిపోయింది, మళ్ళీ ఎత్తుకున్నాను, మళ్ళీ ఆగింది. అధ్యక్షుడు "ఇంక చాలామ్మా" అన్నాడు. "ఇంకా ఉందండీ" అన్నాను. గీకేసిన గడ్డి సంగతి, ఏ తీరంలో ఎవరి పడవలు, అన్నీ పేర్లతో చెప్పాను. చివరి ముక్కదాకా చెప్పి కూర్చున్నాను. చప్పట్లు కొట్టలేదు.

ఫలితం కూడా చెప్పాలి. వచ్చే ఏడాది పరిశీలిస్తాం అన్నారు. కుండల ఉత్తర్వు అలాగే ఉంటుందట. అంతే జరిగింది.

బయటికి వస్తుంటే హాజీ బురావీ నా దగ్గరికి వచ్చాడు. కోపంగా లేడు. అదే దయగల మొహం. "మీది కెర్కెన్నాయేనా అమ్మా? ఎవరి తాలూకు?" అని అడిగాడు. ఒళ్ళంతా ఇంకా వణుకుతూనే ఉంది, అయినా ఆయన కళ్ళలోకి చూసి చెప్పాను, అల్ అతాయా జీలానీ మరదలిని అని. గర్వంగానే చెప్పాను. బావ పేరు అక్కడ ఎవరైనా గట్టిగా పలకాలనిపించింది.

ఆలస్యమైందని తెలుసు. అయినా చెప్పానని నీకు తెలియాలి.

నఫీసా


అల్ అతాయా,
నవంబరు

చెల్లీ,

నీ ఉత్తరం రావడానికి ముందే మీ బావ వచ్చాడు. వారం మధ్యలో, పరుపు చుట్ట భుజాన వేసుకుని, మధ్యాహ్నం పూట. ఏమైందన్నాను. "మీ చెల్లెలు మాట్లాడిందట" అన్నాడు. పడవ నడిపే సరంగు పిలిచి, హాజీ గారి మాటగా దిగిపొమ్మన్నాడట. వేరే పడవవాళ్ళు కూడా తీసుకోరు. ఆ తీరంలో ఉన్న మరపడవలన్నీ ఒకరి మాట మీదే నడుస్తాయి.

తర్వాత రెండు రోజులకు నీ ఉత్తరం వచ్చింది. చదివి వినిపించాను. అయిపోయాక మళ్ళీ చదవమన్నాడు. తన పేరు చెప్పావన్నచోట ఆపమని, "వణుకుతూనే చెప్పిందా?" అని అడిగాడు. అవునన్నాను. "అడగకుండా ఉంటే బాగుండేది" అన్నాడు. నీ మీద అన్నాడో, హాజీ మీద అన్నాడో నాకు తెలియలేదు. ఆ పూట కొంచెం అన్నం ఎక్కువ తిన్నాడు.

నీ మీద కోపం ఉందా అని నన్ను నేను అడిగి చూసుకున్నాను. నువ్వు కూర్చుండిపోయావని మేలో తెలిసినప్పుడు ఉంది, చాలా ఉంది. నిన్ను పెంచిన చేతులే కొరుక్కున్నాను. ఇప్పుడు నువ్వు నిలబడ్డావు, మా పొయ్యిలో పిల్లి లేవలేదు, అయినా ఆ కోపం వెతికితే దొరకడం లేదు. ఎందుకో నాకే అర్థం కాలేదు. ఆయన పేరు నువ్వు అక్కడ చెప్పకుండా ఉండాల్సింది. చెప్పినందుకు నాకు సంతోషంగానూ ఉంది. ఈ రెండూ ఒకే కడుపులో పెట్టుకుని తిరుగుతున్నాను.

కుండలన్నీ అమ్మేద్దామంటే కొనేవాళ్ళు లేరు. ఎవరికి కావాలి, రెండేళ్ళు వెయ్యకూడనివి. పొరుగావిడ పూలమొక్కలకు నాలుగు పట్టుకుపోయింది. మిగతావి అలాగే ఒడ్డున ఉన్నాయి. పడవ మాత్రం మీ బావ ఇసక మీదికి లాగి బోర్లించాడు, నేనొక చెయ్యి వేశాను.

స్ఫాక్స్‌లో ఆయన చిన్నాన్న కొడుకు ఆలివ్ గానుగలో ఉన్నాడు. పంట కాలం కదా, మనుషులు కావాలట. గానుగ వెనకాలే ఒక గది ఇస్తానన్నాడు. సముద్రం కనబడదట. గురువారం పడవకు వెళ్తున్నాం. మీ బావ ముందే చెప్పాడు, రేవులో ఎవరికీ వీడ్కోలు చెప్పనని. నేను చెబుతాను. ఎవరు పలికినా పలకకపోయినా ఒక్కొక్క గడప దగ్గరా నిలబడి చెబుతాను. ఇప్పటినుంచే నోరు ఎండిపోతోంది.

కొత్త చిరునామా వెనక రాశాను. ఈ ఊరి పేరు మీద ఇంక ఉత్తరం వెయ్యకు.

మీ అక్క,
సాసియా